డ్రైవర్ లేని కారు ఎవరిని కాపాడాలి? ఏ పద్ధతి మేలు?

కందిలోని ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో టీహాన్ అనే పరిశోధన కేంద్రం వాళ్లు డ్రైవర్ లేని బండ్లను పరీక్షిస్తున్నప్పటి నుంచి చాలామంది నన్ను అడుగుతున్నది ఒక్కటే. ప్రమాదం తప్పదనుకున్నప్పుడు ఆ కారు లోపలున్న వాళ్లను కాపాడాలా, రోడ్డు మీదున్న వాళ్లనా?

లోపలి వాళ్లే ముందు అనేది మొదటి పద్ధతి. కొనేవాళ్లకు కావాల్సింది ఇదే. 2016లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనంలో చాలామంది, ఎక్కువ ప్రాణాలు కాపాడే కారే మంచిదన్నారు. తాము ఎక్కే కారు మాత్రం తమనే కాపాడాలన్నారు. వెనక సీట్లో పిల్లలున్న వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ వాళ్లకు సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్ ఉన్నాయి. మెహదీపట్నం రైతు బజార్ దగ్గర కూరగాయల సంచితో రోడ్డు దాటే ఆవిడకు ఏముంది? పైగా ఆ కారు కావాలని ఆవిడ అడగలేదు.

రెండోది తలలు లెక్కపెట్టి, ఎక్కువమంది ఉన్న వైపును కాపాడటం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే 2018లో వెలువడిన ఎంఐటీ 'మోరల్ మెషీన్' (ఇలాంటి కారు ఎవరిని కాపాడాలని జనాన్ని అడిగిన ఆన్‌లైన్ సర్వే) ఫలితాల్లో, దాదాపు 4 కోట్ల నిర్ణయాలను చూస్తే, మొగ్గు పెద్దవాళ్ల కంటే చిన్నవాళ్ల వైపే ఉంది. నాకు భయం అక్కడే. లెక్క మొదలైతే వయసు దగ్గర ఆగదు. జర్మనీ ఎథిక్స్ కమిషన్ 2017లోనే వయసు, ఆడా మగా తేడాలు చూడకూడదని తేల్చింది. అదే సరైనది.

యజమానే సెట్టింగ్ పెట్టుకోవడం మూడోది. పక్కవాళ్ల ప్రాణం మీద బటన్ మన చేతికి రాకూడదు, అంతే.

నా ఓటు నాలుగోదానికి. మనుషులను తూకం వేయకుండా, అనుమానం రాగానే వేగం తగ్గించి ఆగడం. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో ఉబర్ టెస్ట్ కారు, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపింది. 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పసిగట్టాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకసారి వాహనమని, ఒకసారి ఇంకేదో అని, ఒకసారి సైకిలని మార్చుకుంటూ పోయింది. క్రాసింగ్ లేనిచోట మనిషి దాటుతాడన్న ఊహే అందులో లేదు. బండి ఊరికే కుదుపులతో ఆగకూడదని, తనంతట తాను ఎమర్జెన్సీ బ్రేక్ వేయకుండా చేశారు. అక్కడ ఇద్దరిలో ఎవరన్న ప్రశ్నే రాలేదు. ఆ ప్రాణం సంగతి అంతకుముందే ఆఫీసులో తేలిపోయింది.

అదే సాఫ్ట్‌వేర్ కూకట్‌పల్లిలో తిరిగితే? మెట్రో పిల్లర్ చాటు నుంచి మనిషి ఏ క్షణాన బయటికొస్తాడో తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 16 మీటర్లు దాటి పోతుంది, 40లో 11 మీటర్లే. బ్రేక్ పడ్డాక ఆగే దూరమైతే సగానికంటే తగ్గుతుంది. చాలాసార్లు ఎవరిని ఎంచుకోవాలన్న అవసరమే రాదు.

దీనికీ చిక్కు లేకపోలేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్నపళంగా ఆగితే వెనక లారీ గుద్దేస్తుంది. కాబట్టి వెనక ఏముందో చూసుకుని బ్రేక్ వేయడం, పక్క లేన్ ఖాళీగా ఉంటే తప్పుకోవడం కూడా దానికి నేర్పాలి. జనం రోడ్డు దాటేచోట కారు ఎంత వేగం మించదు, అనుమానం వస్తే బ్రేక్ ఎవరు వేస్తారు అన్నవి కంపెనీ రాసిచ్చాకే నగరంలోకి అనుమతి ఇవ్వాలి.