టేపు పోయింది సరే, ఇంట్లో మిగిలినవాటిలో ఏది మేలు: సెట్ ఫొటోనా, టీవీ తెర ఫొటోనా, క్యాసెట్టా?

మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఒకప్పుడు దూరదర్శన్‌లో నాటకం వేసుంటే, ఆ టేపు దొరుకుతుందని కూర్చోకుండా ఇంట్లో ఏం మిగిలిందో ముందు చూసుకోండి. మామూలుగా మిగిలేవి మూడు. స్టూడియోలో మేకప్‌తో నిలబడి తీయించుకున్న సెట్ ఫొటో, ప్రసారం జరుగుతుండగా టీవీ ముందు కెమెరా పెట్టి ఎవరో తీసిన మసక ఫొటోలు, టేప్ రికార్డర్‌ని స్పీకర్ దగ్గర పెట్టి పట్టిన క్యాసెట్. నెల్లూరులో మా బంధువుల కుర్రాడు ఇట్లాంటి సంచి ఒకటి తెచ్చి నా ముందు కుమ్మరించి, "మామా, ఈ సెట్ ఫొటో ఒక్కటి పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించేస్తా, మిగతావి పారేసేదా?" అని అడిగాడు. వాడు పారేస్తానన్నవే అసలు సరుకు.

టేపులు ఎందుకు పోయాయో తెలిస్తే కోపం కాస్త తగ్గుతుంది. అప్పట్లో వీడియో టేపు ఖరీదు ఎక్కువ, ఒకసారి వాడింది చెరిపి మళ్ళీ వాడుకోవడం మామూలు. లండన్‌లో బీబీసీ వాళ్ళు 1960లలో తీసిన 'డాక్టర్ హూ' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఎపిసోడ్లు 90కి పైగా ఇట్లాగే మాయమయ్యాయి. నటుల సంఘంతో ఒప్పందాల వల్ల మళ్ళీ ప్రసారం చెయ్యడానికి పరిమితులుండేవి, దాంతో పాత టేపుకి విలువ లేదనుకున్నారు. శ్రీహరికోట పక్కన బతికేవాళ్ళం కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి: 1969లో చంద్రుడి మీద మనిషి దిగినప్పటి అసలు టేపులు చెరిపి మళ్ళీ వాడేసి ఉంటారని నాసా 2009లో ఒప్పుకుంది. అంతటి వాళ్ళే అంత పని చేశాక, మన సాయంకాలం నాటకం ఎంత!

సరే, పోటీలోకి వద్దాం.

సెట్ ఫొటో చూడ్డానికి రాజాలా ఉంటుంది, దాంట్లో అనుమానమేం లేదు. కిరీటం మీద అద్దాలు లెక్కపెట్టొచ్చు, గడ్డం అంటించిన గమ్ము చెంప మీద ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది, ప్రసారం నలుపు తెలుపే అయినా ఫొటో కలర్‌లో తీసుంటే పంచె అంచు ఏ రంగో తెలుస్తుంది. కాకపోతే అందులో అందరూ కెమెరా వైపే చూస్తుంటారు. దుర్యోధనుడి భుజం మీద కృష్ణుడు చెయ్యేసి నవ్వుతుంటాడు, అట్లాంటి సీను ఏ నాటకంలో ఉంది చెప్పండి! రిహార్సల్ మధ్యలో తీశారో, అంతా అయ్యాక తీశారో, ఆ ఉత్తరీయం అసలు తెర మీదకు వచ్చిందో లేదో, ఇవేవీ ఆ ఫొటో చెప్పదు. అది ఆ రోజు స్టూడియోలో ఎవరున్నారో చెప్పే ఫొటో. నాటకం ఎట్లా జరిగిందో తెలుసుకోడానికి పనికొచ్చేది తక్కువ.

తెర ఫొటోల సంగతి వేరు. వాడు తెచ్చినవాటిలో ఒకటి చూడండి: తెర కింది సగం వెలుగు, పై సగం చీకటి, మధ్యలో ఏటవాలుగా ఒక పట్టీ, ఎడమ మూల గాజులో కిటికీ ఊచల నీడ, టీవీకుండే చెక్క షట్టర్ అంచు, దాని మీద లేసు గుడ్డ. బొమ్మ పక్కనే ఇంకో బొమ్మ నీడలాగా, అంటే మేడమీద యాంటెన్నా గాలికి తిరిగుంటుంది. దీన్ని చూసి ఎవరైనా పాడైన ఫొటో అనే అంటారు. ఆ పట్టీ ఎందుకొచ్చిందంటే, మన పాత టీవీ సెకనుకి 25 పూర్తి బొమ్మలు గీస్తుంది. కెమెరా షట్టర్ అంతకంటే వేగంగా, సెకనులో 1/60 వంతులోనో 1/125 వంతులోనో కొడితే బొమ్మ సగంలో ఉండగానే మూసుకుంటుంది. తెలిసిన స్టూడియో ఆయనైతే లైట్లు ఆర్పేసి, ఫ్లాష్ తీసేసి, స్టాండు మీద పెట్టి, 1/15లో తీస్తాడు. ఇంట్లోవాళ్ళకి ఆ తిప్పలు తెలియవు. అయినా సరే, ఆ ఫొటోలో కనిపించేది మాత్రం ప్రసారమైన బొమ్మే, ఆ యాంగిలే, ఆ క్షణమే. ఎవరూ పోజు ఇవ్వలేదు.

ఇదే పనిని బతుకుతెరువుగా చేసుకున్న మనిషి ఒకరున్నారు, జాన్ క్యురా అని ఇంగ్లాండ్ ఫొటోగ్రాఫర్. 1940ల చివరి నుంచి 1968 దాకా టీవీ ముందు కూర్చుని, ప్రసారమవుతున్న కార్యక్రమాలని తెర మీదినుంచే ఫొటోలు తీసి, వాటిలో పనిచేసిన దర్శకులకీ నటులకీ అమ్మేవారు. వాటిని టెలీస్నాప్‌లు అంటారు. ఒక్కో ఎపిసోడ్‌కి 60, 70 దాకా తపాలా బిళ్ళ సైజు బొమ్మలు వరుసగా ఉంటాయి. 'డాక్టర్ హూ'లో పోయిన చాలా ఎపిసోడ్లు ఎట్లా ఉండేవో ఇవాళ తెలుస్తోందంటే ఆయన పుణ్యమే.

ఇప్పుడు క్యాసెట్. దీన్ని మన వాళ్ళు అసలు లెక్కలోకే తీసుకోరు, బొమ్మ లేదు కదా అని. కథ తెలియాలంటే మాత్రం మూడింట్లో దీని తర్వాతే ఏదైనా. పద్యం ఎక్కడ ఎత్తాడు, రాగం ఎంతసేపు తీశాడు, ఎదుటివాడి మాట మీద పడి ఎక్కడ అందుకున్నాడు, అన్నీ అందులోనే ఉంటాయి. దాంతోపాటు "అదుగో, మనోడు" అని పక్కింటి ఆమె అరుపు, గోడ గడియారం గంట, కరెంటు పోయి వచ్చిన ఖాళీ కూడా ఉంటాయి, అవి నాకైతే బోనస్. 60 నిమిషాల క్యాసెట్ అయితే అరగంటకి తిప్పాలి, ఆ తిప్పడంలో నాలుగు మాటలు పోతాయి. 'డాక్టర్ హూ'లో పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం మిగిలే ఉంది, ఇళ్ళల్లో పిల్లలు అప్పట్లో రికార్డు చేసి పెట్టుకున్నందుకు.

మరి శబ్దం ఉంటే ఫొటో దేనికి? దీనికి మన తెలుగువాళ్ళకి ఇట్టే అర్థమయ్యే ఉదాహరణ ఉంది: ద్విపాత్రాభినయం. 'డాక్టర్ హూ'లో 1966లో వచ్చిన 'ది మాసకర్' అనే కథ నాలుగు భాగాల్లో విలియం హార్ట్‌నెల్ హీరో డాక్టర్‌గానూ, అంబోయిజ్ మఠాధిపతిగానూ చేశారు. నాలుగు భాగాలూ పోయాయి, టెలీస్నాప్‌లు కూడా లేవు. గొంతు వినొచ్చు, కొన్ని సెట్ ఫొటోలు చూడొచ్చు, కానీ ఆ రెండో వేషంలో ఆయన తెర మీద ఎట్లా నిలబడ్డారు, చూపు ఎట్లా మార్చారు అన్నది ఊహించుకోవాల్సిందే. అదే సీరియల్లో ఇంకో కథ 'ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్'లో ప్యాట్రిక్ ట్రౌటన్‌ది కూడా రెండు వేషాలే, ఆరు భాగాల్లో ఐదు పోయాయి. కానీ వాటిలో చాలావాటికి క్యురా ఫొటోలున్నాయి, హీరో ఎవరో విలన్ ఎవరో బొమ్మ చూసి చెప్పొచ్చు.

ఇక్కడే తెర ఫొటోల మీద నాకున్న ఫిర్యాదు కూడా. 2013లో ఆ ఐదు భాగాలూ నైజీరియాలోని జోస్ పట్టణంలో దొరికాయి. అప్పటిదాకా ఫొటోలూ శబ్దమూ కలిపి చూసి "సాగదీత కథ" అని పెదవి విరిచిన అభిమానుల్లో చాలామంది, కదిలే బొమ్మ చూశాక మాట మార్చారు. నాకు తోచిన కారణం ఒకటే. నెమ్మది షట్టర్‌తో తీసేటప్పుడు కదిలే మనిషి మసకైపోతాడు, కాబట్టి ఫొటోలకి చిక్కేది ఎక్కువగా నటులు ఆగి నిలబడ్డ క్షణాలే. పరుగు, చెంపదెబ్బ, చిన్న కనుసైగ, ఇవన్నీ జారిపోతాయి. నాటకం ఉన్నదానికంటే నిదానంగా ఉన్నట్టు కనిపిస్తుంది. మీ తాత తెర ఫొటోలు చూసి "ఏంది, కొయ్యలాగా నిలబడ్డాడు" అనుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

యానిమేషన్ చేయిస్తే పోలా అంటారా? 'డాక్టర్ హూ'లోనే పోయిన ఇంకో కథ 'ది పవర్ ఆఫ్ ది డాలెక్స్'కి 2016లో చేశారు, పాత శబ్దానికి కొత్త బొమ్మలు కట్టి. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. నాకైతే కొత్తగా గీసిన వేషం కన్నా, పట్టీ పడ్డ మసక ఫొటోలో ఉన్న అసలు మనిషే కావాలి.

కాబట్టి నా వరస ఇది: ముందు క్యాసెట్, తర్వాత తెర ఫొటోలు, ఆఖర్న సెట్ ఫొటో. సెట్ ఫొటో బలమైన కాగితం మీద ఉంది, ఇంకో పదేళ్ళు ఆగినా ఆగుతుంది. క్యాసెట్ మన ఉక్కకి బూజు పట్టి ఏ రోజు చుట్టుకుపోతుందో తెలియదు, అందుకే మొదటిసారి ప్లే చేసేటప్పుడే పక్కన కంప్యూటర్‌లో రికార్డింగ్ పెట్టుకోండి, "ముందు విని చూద్దాం" అనకండి. తెర ఫొటోలు చిన్నవి కాబట్టి కనీసం 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలతో, స్కాన్ చేయించండి. టీవీ చెక్క షట్టరూ లేసు గుడ్డా అందంగా లేవని అంచులు కత్తిరించొద్దు, అది ఏ ఇంట్లో ఎప్పుడు తీశారో చెప్పే ఆధారం అవే. లామినేషన్ జోలికి అస్సలు పోవద్దు. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు. ఫ్రేములో గాజుకి అంటుకుపోయిన ఫొటో ఉంటే పీకకుండా గాజుతోనే స్కాన్ చెయ్యండి. అన్నీ అయ్యాక క్యాసెట్ వింటూ, ఒక్కో తెర ఫొటో ఏ మాట దగ్గరదో నిమిషం, సెకను ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళని పక్కన పెట్టుకుని ఈ పని చెయ్యండి, సగం ఫొటోలకి వరస వాళ్ళే చెప్పేస్తారు.