బాస్టన్ కెనడీ మ్యూజియం: ఒక్క డిబేట్‌తోనే టికెట్ డబ్బులు గిట్టుబాటు

బాస్టన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న కెనడీ మ్యూజియానికి వెళ్తే గౌన్లూ బహుమతులూ తర్వాత చూసుకోవచ్చు, ముందు 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కెనడీ, ఆయన ప్రత్యర్థి నిక్సన్ టీవీలో తలపడ్డ డిబేట్ దగ్గర ఆగండి. సెప్టెంబర్ 26న షికాగో స్టూడియోలో, మోకాలి ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిపాలై అప్పుడప్పుడే కోలుకుంటున్న నిక్సన్, పీక్కుపోయిన మొహంతో, వెనక గోడలో కలిసిపోయే లేత రంగు సూటులో చెమట తుడుచుకుంటుంటే, కెనడీ మాత్రం ముదురు సూటులో కొత్త పెళ్లికొడుకులా కెమెరా వంకే చూసి మాట్లాడతాడు. చెప్పిన విషయాల్లో అంత తేడా నాకైతే కనపడలేదు! రేడియోలో విన్నవాళ్లు నిక్సనే నెగ్గాడన్నారనే కథని నేను పూర్తిగా నమ్మను, దానికున్న ఆధారం చాలా చిన్న సర్వే. చివరికి ఎన్నికల్లో కెనడీ గెలిచింది దాదాపు 1.13 లక్షల ఓట్ల తేడాతోనే. నిక్సన్ వైపు కథ కావాలంటే కాలిఫోర్నియాలోని యోర్బా లిండాలో ఆయన మ్యూజియం వేరే ఉంది.