కోల్డ్ స్టోరేజీ గ్రూపుకి పెద్ద అప్లికేషన్: వర్డ్‌ప్రెస్, డ్రూపల్, జాంగో – ఏది మేలు?

గుంటూరు చుట్టుపక్కల మూడు నాలుగు కోల్డ్ స్టోరేజీలు, మిర్చి యార్డులో కమీషన్ షాపు, కొంచెం ఎగుమతి కూడా ఉన్న గ్రూపు ఒకటి ఉందనుకోండి. వాళ్ళకి వెబ్‌సైట్ కావాలి, అందులో రోజూ ధరలు పెట్టాలి, రైతు తన సరుకు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉందో ఫోన్‌లో చూసుకోవాలి, బాండు (సరుకు నిల్వకి ఇచ్చే రసీదు) మీద బ్యాంకు అప్పు ఉంటే సరుకు గేటు దాటకూడదు, అద్దె దానంతటదే లెక్క పడాలి. గుంటూరులో అడిగినా విజయవాడలో అడిగినా ముందు వినిపించే మాట "వర్డ్‌ప్రెస్‌లో చేసేద్దాం సార్, ప్లగిన్ ఉంటుంది". ప్లగిన్ (అదనపు పని కోసం తగిలించుకునే రెడీమేడ్ ముక్క) ఉంటుంది, అది నిజమే. అసలు ప్రశ్న వేరే.

సీఎంఎస్ (పేజీలు రాసి పబ్లిష్ చేసుకునే వర్డ్‌ప్రెస్, డ్రూపల్ లాంటి సాఫ్ట్‌వేర్) మీద ఏది కట్టొచ్చు, ఏది కట్టకూడదు అని తేల్చడానికి నేను చూసేది ఒక్కటే. ఆ రికార్డుని రేపు ఎవరైనా ఎడిట్ చేస్తే అది సవరణా, మోసమా? ధరల మీద రాసిన పేజీని దిద్దితే సవరణ. 60 టిక్కీలు జమైన లాటుని (ఒక రైతు ఒకసారి దించిన సరుకు) 50 అని దిద్దితే మాత్రం పంచాయితీ. సీఎంఎస్‌లన్నీ పుట్టింది మొదటి రకం పనికి: ఒకరు రాస్తారు, ఇంకొకరు చూస్తారు, పబ్లిష్ చేస్తారు, మళ్ళీ దిద్దుకుంటారు. లెడ్జర్‌లో దిద్దుడు అనేదే ఉండదు, తప్పు పడితే రివర్స్ ఎంట్రీ వేస్తాం.

వర్డ్‌ప్రెస్ 2003లో బ్లాగుల కోసం వచ్చింది, ఆ పోలిక ఇప్పటికీ దాని డేటాబేస్‌లో కనిపిస్తుంది. మన లాటు అక్కడ ఒక కస్టమ్ పోస్టు, అంటే మనం పెట్టుకున్న కొత్త రకం పోస్టు, అవుతుంది. రకం, చాంబరు, తూకం, రైతు పేరు, జమ తేదీ, ఇలా ప్రతి వివరమూ పోస్ట్‌మెటా (పోస్టుల అదనపు వివరాలు దాచే) టేబుల్లో ఒక్కో వరస. 12 వివరాలున్న లాట్లు లక్ష ఉంటే 12 లక్షల వరసలన్నమాట. పైగా అంకె అయినా తేదీ అయినా అక్కడ టెక్స్ట్‌గానే పడుతుంది, కాబట్టి "4వ చాంబర్లో 90 రోజులు దాటిన తేజ రకం మిర్చి ఎన్ని టిక్కీలు" అని అడిగితే అదే టేబుల్ని మళ్ళీ మళ్ళీ తనతోనే కలిపి, టెక్స్ట్‌ని అంకెగా మార్చి, అప్పుడు కూడాలి. వంద లాట్లతో డెమో ఇస్తే బ్రహ్మాండంగా తిరుగుతుంది, మార్చిలో సరుకు విరగబడి వచ్చినప్పుడు చూడాలి దాని అవస్థ. నా మాట అలా ఉంచి వర్డ్‌ప్రెస్ మీద నడిచే షాపు ప్లగిన్ వూకామర్స్‌ని చూడండి, ఏళ్ళ తరబడి ఆర్డర్లని పోస్టులుగానే దాచి, చివరికి వాటికి విడిగా టేబుళ్ళు కట్టుకుంది. 2023 అక్టోబర్‌లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి కొత్త షాపులకి అదే డిఫాల్ట్. సొంత టేబుళ్ళు మనమూ పెట్టుకోవచ్చు కదా అంటారా, పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు స్క్రీన్లు, వెతకడం, పర్మిషన్లు అన్నీ మనమే రాసుకోవాలి, ఇక వర్డ్‌ప్రెస్ మనకి మిగిల్చిందేమిటి? లాగిన్ పేజీ.

పర్మిషన్ల సంగతి ఇంకా టెన్షన్. ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్ అనే రోల్స్ పత్రికాఫీసుకి సరిపోతాయి. "ఈ రైతుకి తన లాట్లే కనపడాలి" అన్నది ప్రతి క్వెరీలోనూ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) మనం గుర్తుపెట్టుకుని రాయాలి. కస్టమ్ పోస్టుని రెస్ట్ ఏపీఐలో (బయటి ప్రోగ్రాములు డేటా తీసుకునే దారి) చూపించమని ఒక్క సెట్టింగ్ పెట్టారంటే, పబ్లిష్ అయిన లాట్ల జాబితా లాగిన్ లేనివాళ్ళకీ తెరుచుకుంటుంది.

డ్రూపల్ ఈ విషయంలో చాలా మెరుగు. 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి సింఫనీ అనే రెడీమేడ్ కోడ్ భాగాల మీద నడుస్తోంది, సెట్టింగులన్నీ ఫైళ్ళుగా తీసి గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాధనం) పెట్టుకోవచ్చు, అందువల్ల టెస్ట్ సర్వర్లో చేసిన మార్పు అసలు సర్వర్‌కి నమ్మకంగా చేరుతుంది. పదో వెర్షన్‌లో అయితే ఎంటిటీ (డ్రూపల్‌లో రికార్డుని పిలిచే పేరు) క్వెరీ రాసేటప్పుడు యాక్సెస్ చూడాలా వద్దా అని మనం చెప్పకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, ఇలాంటి మొండితనం నాకు ఇష్టం. మామూలు కంటెంట్ టైప్‌లో ఒక్కో ఫీల్డుకి ఒక్కో టేబుల్ పుడుతుంది, అదీ భారమే, కాకపోతే కస్టమ్ ఎంటిటీ రాసుకుంటే మామూలు ఫీల్డులన్నీ ఒకే టేబుల్లో కూర్చుంటాయి. ఇబ్బందల్లా రెండు. నేర్చుకోవడానికి బాగా టైం పడుతుంది, వచ్చినవాళ్ళు మన దగ్గర తక్కువ, ఉన్నా హైదరాబాద్ వెళ్ళిపోతారు. రెండోది, 7 నుంచి 8కి మారడమంటే దాదాపు కొత్తగా కట్టడమే అయింది. 7కి సపోర్ట్ 2025 జనవరి 5న ఆగింది. ఆ తర్వాత వెర్షన్ల మార్పు బాగా తేలికైంది, అది ఒప్పుకోవాలి.

జాంగో సీఎంఎస్ కాదు, ఫ్రేమ్‌వర్క్, అంటే మన సాఫ్ట్‌వేర్ మనం కట్టుకోవడానికి పునాది. అయితే అది పుట్టింది కేన్సస్‌లో ఒక దినపత్రిక ఆఫీసులో కాబట్టి అడ్మిన్ స్క్రీన్లు ముందే వస్తాయి, గుమస్తాకి మొదటి వారంలోనే ఏదో ఒకటి చూపించొచ్చు. అసలు లాభం అది కాదు. ఇద్దరు గుమస్తాలు ఒకే లాటు నుంచి ఒకే నిమిషంలో 50 టిక్కీలు విడుదల చేయబోతే ఏమవుతుంది? ఇక్కడ ఆ వరసని లాక్ చేసి, బాండు చూసి, నిల్వ తగ్గించి, గేటు పాసు రాసి, మధ్యలో ఏది తప్పినా మొత్తం వెనక్కి తీసుకోవడం నాలుగైదు లైన్ల పని. వర్డ్‌ప్రెస్‌లో ఒక పోస్టుకి పది మెటాలు రాస్తుంటే ఆరో దాని దగ్గర సర్వర్ పడిపోతే ఆరు ఉంటాయి, నాలుగు ఉండవు.

నేనైతే లాట్లు, బాండ్లు, అద్దె, గేటు పాసులు జాంగోలో పెడతాను. ధరల పేజీలు, రైతులకి సూచనలు, ఎగుమతి కొనుగోలుదారులకి చూపించే పేజీలు వర్డ్‌ప్రెస్‌లో ఉంచుతాను, ఎందుకంటే దాన్ని చూసుకునే కుర్రాళ్ళు ప్రతి వీధిలో దొరుకుతారు, ఆఫీసులో టైపింగ్ వచ్చినవాళ్ళు కూడా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. రైతు తన సరుకు చూసుకునే పేజీ మాత్రం జాంగో వైపే ఉండాలి. వెబ్‌సైట్‌కి కావలసిన ఆ ఒకటి రెండు అంకెలు ఏపీఐ ద్వారా చదువుకోనివ్వండి, రాసే దారి మాత్రం ఇవ్వకండి. సైటుకి ఏ పాత ప్లగిన్ వల్లో వైరస్ ఎక్కినా స్టాకు లెక్క అంటుకోదు. రెండూ ఒకే సర్వర్లో, ఒకే డేటాబేస్ పాస్‌వర్డుతో పెడితే మాత్రం ఈ ఏర్పాటంతా దండగ.

డ్రూపల్ ఎవరికంటే, యూనివర్సిటీకో, చాలా శాఖలున్న సంస్థకో; రాసేవాళ్ళు యాభై మంది, ఆమోదించేవాళ్ళు పది మంది, తెలుగూ ఇంగ్లిషూ రెండూ కావాలి, డబ్బు లెక్కలు వేరే చోట ఉన్నాయి అంటే కళ్ళు మూసుకుని అదే తీసుకోండి, ఎందుకంటే ఆమోదాల వరస, అనువాదాలు రెండూ దానితోపాటే వస్తాయి.

మీది ఒక్కటే కోల్డ్ స్టోరేజీ, లాట్లు కొన్ని వందలే అంటే పైవేవీ వద్దు. ట్యాలీ తెలిసిన గుమస్తా, ఒక ఎక్సెల్ షీటు, రోజూ బ్యాకప్ ఉంటే ఈ సీజన్ గడిచిపోతుంది. రెండో స్టోరేజీ కట్టినప్పుడు చూసుకోవచ్చు.