మిచిగన్ నేటివ్ కాపర్ స్పెసిమెన్: స్ఫటికాలకు నాలుగు మార్కులు, శుభ్రతకు రెండు

నేటివ్ కాపర్ అంటే భూమిలో లోహంగానే దొరికే రాగి. ఈ ముక్క 3.5 సెం.మీ., 41 గ్రాములు. లేబుల్ మీద ‘నేటివ్ కాపర్, మిచిగన్’ అనే ఉంది, గని పేరు లేదు. అక్కడి క్విన్సీ గనిదా, వైట్ పైన్ గనిదా? క్విన్సీ 1945లో మూతపడింది, వైట్ పైన్‌లో తవ్వకం 1995లో ఆగింది. పాత లేబుల్ పోయిందంటే పోయినట్టే. ఈ ఒక్క లోటుకే బేరమాడొచ్చు.

సరుకు మాత్రం అసలుదే. 10ఎక్స్ లెన్స్‌లో చూస్తే కొమ్మలా పెరిగిన రాగి చివర చదునైన ముఖాలు, వాటి మీద సన్నని మెట్లు, సందులో ఇరుక్కున్న తెల్ల కాల్సైట్ (సున్నపు ఖనిజం) కనిపిస్తాయి. తొట్టిలో కరెంటు పెట్టి పెంచిన రాగి కాలీఫ్లవర్‌లా గుండ్రటి బుడిపెలతో ఉంటుంది, పలక నుంచి ఊడదీసిన వైపు చదునుగా ఉంటుంది. కరిగించి నీళ్లలో పోసినదైతే అన్నీ నున్నటి బొట్లే.

కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, సున్నా చేసి, ముక్కను దారంతో అడుగు తగలకుండా ముంచితే 5.0 గ్రాములు చూపింది. 41ని 5తో భాగిస్తే 8.2. స్వచ్ఛమైన రాగికి 8.9 రావాలి, తేడా కాల్సైట్‌ది. సందుల్లో గాలి బుడగలున్నా సాంద్రత తగ్గుతుంది, అందుకే నీళ్లలో ఒక చుక్క డిష్‌వాష్ వేయాలి. ఈ పరీక్ష పూతపూసిన జింకును పట్టిస్తుంది గానీ తొట్టి రాగిని పట్టించదు, అదీ రాగే కదా.

అసలు చిక్కు ఆకుపచ్చ పొడి. కాల్సైట్‌ను హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో కరిగించి, సరిగా కడగకుండా అమ్మేశారు. మిగిలిన క్లోరైడ్ తేమ తగిలితే రాగిని తినేస్తూ పోతుంది. రాగి మీద సహజంగా ఏర్పడే ఆకుపచ్చ ఖనిజం మాలకైట్ అయితే గట్టిగా అంటుకుని ఉంటుంది. ఈ పొడి టూత్‌పిక్‌తో గీకితే రాలుతుంది, మళ్లీ వస్తుంది. విశాఖ, చెన్నై గాలిలో మరీ త్వరగా. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి రోజూ నీళ్లు మార్చాలి; బోరు నీళ్లు వద్దు, వాటిలోనూ క్లోరైడ్ ఉంటుంది. తీసిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మసకబారినంత కాలం ఆపకూడదు. తర్వాత అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి.

చింతపండు, ఉప్పు జోలికి అసలే పోవద్దు, ఇది చెంబు కాదు. సహజమైన గోధుమ పొర పోతుంది, ఉప్పుతో కొత్త క్లోరైడ్ చేరుతుంది.

ప్యాకింగ్ దూదిలో చేశారు. పోగులు కొమ్మలకు చుట్టుకుని రెండు కొసలు వంగాయి. రాగి మెత్తన, ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేల్‌లో దాని కాఠిన్యం మూడు లోపే. పట్టకారుతో సరిచేయబోతే నొక్కులు పడతాయి. డబ్బా అడుగున మైనంతో అతికించి పంపమని ముందే చెప్పాలి, వెనకవైపు ఫొటో కూడా అడగాలి.