కారవాన్‌తో ఐదు రాత్రులు: విజయనగరం నుంచి వంశధార దాకా

శ్రీకాకుళం జిల్లా ముఖలింగంలో తెల్లవారుజామున ఐదున్నరకు వ్యాన్ తలుపు తీసేసరికి వంశధార ఏటి మీద మంచు కమ్ముకుని ఉంది. గుడి ఇంకా తెరవలేదు. ఎవరో వాకిట్లో కళ్లాపి చల్లుతున్నారు. ఇదివరకు రెండుసార్లు వచ్చాం ఇక్కడికి. రెండుసార్లూ శ్రీకాకుళం లాడ్జిలో దిగి, టిఫిన్లయ్యాక బయల్దేరి, ఎండ నెత్తికెక్కాక చేరాం. కారవాన్ వల్ల ఏం ఒరిగింది అని ఎవరైనా అడిగితే ఈ తెల్లవారుజామే నా జవాబు.

నవంబరు నెలాఖరులో వెళ్లాం. నేను, మా ఆవిడ, అమ్మ, పదేళ్ల అబ్బాయి. బండి విశాఖలో తీసుకున్నాం. డ్రైవర్‌తో కలిపి రోజుకు 10 వేలు, డీజిల్ మనదే. నాలుగు పడకలు, చిన్న పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు దారిలో బాత్రూమ్ వెతుక్కునే టెన్షన్ లేకపోవడం ఒక్కటే ఆ అద్దెలో సగానికి సమానం.

విజయనగరంలో ఈ బండి వల్ల ఉపయోగం లేదు. గంటస్తంభం చుట్టుపక్కల వీధుల్లో అది తిరగదు. ఊరి బయట ఆపి, ఆటోలో 1713 నాటి కోట, గురజాడ వారి ఇల్లు చూసి, రాత్రికి హోటల్లో పడుకున్నాం. పట్నాల్లో మీరూ అదే చేయండి.

బొబ్బిలిలో యుద్ధ స్తంభం దగ్గర నిలబడి మావాడికి 1757 జనవరి 24 కథ చెప్పాను. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు, బొబ్బిలి కోట పడిపోయాక తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజును చంపడం. అంతా విని, "మరి మనం నిన్న చూసింది శత్రువుల కోటా?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. పక్కనే ఉన్న గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లను తప్పకుండా చూడాలి. ఒకే పనస దుంగను తొలిచి కుండ, దండి, అన్నీ అతుకు లేకుండా చేస్తారు. అందుకే ఏకాండి వీణ అంటారు. ఒక పెద్దాయన చెక్కుతున్న కుండ లోపల చెయ్యి పెట్టి చూడమన్నారు. ఉలి గీతలు వేళ్లకు తగులుతున్నాయి. అక్కడ గంటన్నర కూర్చున్నాం, ఇంకా కూర్చోవలసింది.

ఆ రాత్రి ఒక పెట్రోల్ బంకులో, మేనేజర్‌ను అడిగి, ఆగాం. కుళాయి నీళ్లు పట్టుకోనిచ్చారు, డబ్బులు తీసుకోలేదు. లారీల మోతకు నిద్ర మాత్రం సరిగా పట్టలేదు.

పాలకొండ దాటి సీతంపేట వైపు ఎక్కుతుంటే కొండలు దగ్గరవుతాయి. దారి పక్కన కొండచీపుర్లు, పసుపు అమ్మే సవర గిరిజన ఆడవాళ్లు కనిపించారు. అమ్మ రెండూ కొంది. ఏజెన్సీలో చెట్ల కింద ఒక రాత్రి ఉందామని నా కోరిక. చీకటి పడేవేళ సైకిల్ మీద పోతున్న ఒకాయన దిగి, "ఈ రేతిరి ఇక్కడ ఉండొద్దు బాబూ, ఏనుగులు తిరుగుతన్నాయి" అన్నారు. ఒరిస్సా అడవుల నుంచి దిగిన ఏనుగులు ఈ చుట్టుపక్కల పంటల మీద పడుతున్నాయని, మనుషులు కూడా చనిపోయారని పేపర్లో చదివే ఉన్నాను. మారు మాట్లాడకుండా వెనక్కి తిప్పించి పాలకొండ లాడ్జిలో దిగాం. గది మామూలుగా ఉంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. అడవి పగలు చూడండి. రాత్రి బస ఊళ్లోనే పెట్టుకోండి.

మర్నాడు కొత్తూరు, హిరమండలం మీదుగా ముఖలింగం. ఊరివాళ్లను అడిగి ఏటి వైపు బండి పెట్టుకున్నాం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. పూరీ జగన్నాథాలయం కట్టించడానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశం వాడే. ఇక్కడి గుడిలోని మధుకేశ్వరుడి పేరులోని మధుకం అంటే ఇప్పచెట్టు. సవరలకు శివుడు ఇప్పచెట్టులో కనిపించాడని స్థలపురాణం. నిన్న పసుపు అమ్మినవాళ్లు గుర్తొచ్చారు. పొద్దుటి ఏటవాలు ఎండ సోమేశ్వరాలయం మీద పడినప్పుడు ద్వారం పక్కన శిల్పాల్లో నగలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం వస్తే కళ్లు చికిలించుకోవాలి తప్ప ఇవేవీ కనబడవు.

గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన పర్వతాలపేట కూడా ఇక్కడికి దగ్గరే. సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు రాసి, ఈ గుడి శాసనాలు చదివిన మనిషి. నేను ఈ నాలుగు ముక్కలూ మాట్లాడే తెలుగులో రాయగలుగుతున్నది ఆయన పోరాటం వల్లనే. శాలిహుండం కొండ మీది బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. సాయంత్రం ఆ కొండ ఎక్కాం. ఇటుకల స్తూపాల మధ్య నిలబడితే కింద వంశధార వంపు తిరిగి సముద్రం వైపు పోతూ కనిపిస్తుంది. మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. అమ్మ సగం మెట్ల దగ్గరే ఆగిపోయింది.

కళింగపట్నంలో ఐదో రాత్రి ఇబ్బంది పడ్డాం. ఇన్వర్టర్ ఆగిపోయింది. ఫ్యాన్ లేదు, కిటికీ తీస్తే దోమలు. అద్దెకిచ్చినవాళ్లు ఫోన్లో గంటసేపు ఏవేవో స్విచ్చులు నొక్కించారు, లాభం లేదు. తర్వాత ఒక పూట అద్దె తగ్గించారు గానీ, బయల్దేరే ముందే బ్యాటరీ మీద రెండు గంటలు ఫ్యాన్లు తిప్పి చూసుకోవాల్సింది. బాత్రూమ్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలో కూడా ముందే అడగండి. దారిలో అందుకు చోటు లేదు. ఏట్లో వదిలేద్దామన్నాడు డ్రైవర్. నేను ఒప్పుకోలేదు, విశాఖ దాకా అలాగే మోసుకొచ్చాం.

తిరిగే ముందు టెక్కలి అవతల తేలినీలాపురం వెళ్లాం. ఊరి చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. కింద ఇళ్ల కప్పుల మీద రెట్టలు పడుతున్నా ఎవరూ రాయి విసరరు. ఆ పక్షులు వస్తేనే వానలూ పంటలూ బాగుంటాయని వాళ్ల నమ్మకం. మా బండి శబ్దానికి నాలుగు కొంగలు లేచేసరికి, అరుగు మీదున్న ముసలమ్మ ఇంజన్ ఆపమని చెయ్యి ఊపింది. ఆపేశాం. కాసేపటికి అవి మళ్లీ వచ్చి వాలాయి.