ఈసీఎం పోయిందని చెబితే డబ్బు కట్టే ముందు నాక్ సెన్సర్ ప్లగ్ విప్పి చూపించమనండి

విశాఖపట్నంలో కారు మరమ్మతు చేయించుకునేవారికీ, ముఖ్యంగా పాత ఈసీఎం (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) కొనడానికి సిద్ధపడుతున్నవారికీ నాకు జరిగిన నష్టాన్ని తెలియజేస్తున్నాను. నా పెట్రోలు కారు సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతూ బలం తగ్గి మొరాయించింది, చెక్ ఇంజిన్ దీపం వెలిగింది. నేను తీసుకెళ్లిన వర్క్‌షాపులో స్కానర్ పెడితే నాక్ సెన్సర్‌కు సంబంధించిన పి0327 అనే కోడ్ కనబడింది. మీటరు చేతపట్టకుండానే "కంప్యూటర్ పోయిందండీ, సెన్సర్ మార్చినా లాభం లేదు" అని మేస్త్రి తేల్చేశారు. వేరే కారు నుంచి తీసిన ఈసీఎంకు 22,000 రూపాయలు, దానికి తాళం కోడింగ్ (కారు తాళాన్ని ఆ ఈసీఎం గుర్తించేలా చేయడం) పేరిట మరికొంత చెల్లించాను. నాలుగో రోజున అదే దీపం, అదే కోడ్.

నాక్ సెన్సర్ ఇంజిన్ బ్లాకుకు బోల్టుతో బిగించిన పీజో స్ఫటికం. సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి మండినప్పుడు పుట్టే ప్రకంపనను అది చిన్న విద్యుత్ సంకేతంగా మారుస్తుంది, ఆ సంకేతాన్ని బట్టి ఈసీఎం స్పార్కు సమయాన్ని వెనక్కి జరుపుతుంది. సంకేతం నమ్మదగినది కాదని తోస్తే, ఇంజిన్ను కాపాడడానికి ఆ సమయాన్ని ముందుగానే వెనక్కి జరిపి ఉంచుతుంది; పికప్, మైలేజీ పడిపోయేది అందువల్లనే. పి0325 సర్క్యూట్ లోపాన్ని, పి0327 సంకేతం తక్కువగా ఉండడాన్ని, పి0328 ఎక్కువగా ఉండడాన్ని సూచిస్తాయి. సర్క్యూట్ అంటే సెన్సర్, ప్లగ్, తీగ, వాటి చివర ఈసీఎం. కోడ్ ఒక్కటే చూసి వీటిలో చివరిదాన్ని దోషిగా నిలబెట్టడం నాకు తనిఖీలా కాక అమ్మకంలా అనిపిస్తోంది. ఇంజిన్ నిజంగా టకటకమని కొట్టుకోవడం వేరే సంగతి. నా కారులో ఆ శబ్దం ఎన్నడూ వినబడలేదు.

తరువాత కంచరపాలెంలో మరొక మెకానిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందికి టార్చి పెట్టి సెన్సర్ ప్లగ్ విప్పారు. రెండు పిన్నుల్లో ఒకటి ఆకుపచ్చ చిలుముతో మూసుకుపోయి ఉంది, దానికి జానెడు దూరంలో తీగ పైతొడుగును ఎలుక కొరికింది. సముద్రపు ఉప్పుగాలికి ఈ ఊళ్లో ఇది వింతేమీ కాదు. ఆయన ఈసీఎం ప్లగ్ నుంచి సెన్సర్ ప్లగ్ వరకు మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (తీగ మధ్యలో తెగకుండా ఉందా అని) చూశారు, తీగ బాడీకి షార్ట్ అవుతోందేమో పరీక్షించారు, ఆపైన తీగ ముక్క మార్చి పిన్ను శుభ్రం చేశారు. సెన్సర్ బోల్టును కంపెనీ చెప్పిన టార్కుకే (బిగింపు బలానికే) బిగించారు. చాలా కార్లలో అది సుమారు 20 న్యూటన్ మీటర్లు, వదులైనా మితిమీరినా సెన్సర్ తప్పుగా వింటుంది. మొత్తం ఖర్చు 900 రూపాయలు, దీపం మళ్లీ వెలగలేదు.

కాబట్టి ఈసీఎం మార్చాలని ఎవరైనా అంటే, ప్లగ్ విప్పి చూపించమని, మీటరు కొలతలను కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. పాత ఈసీఎం కొనక తప్పకపోతే లేబులు మీది పార్టు నంబరును అక్షరం అక్షరం సరిచూడండి. నాకు అమ్మినదానిలో చివరి రెండంకెలు వేరుగా ఉన్నాయని నేను ఆలస్యంగా గమనించాను. జీఎస్టీ బిల్లూ, విప్పిన పాత పార్టూ చేతికి వచ్చాకే డబ్బు చెల్లించండి.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటున్నాను. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడ రుసుము లేదు. నా అసలు ఈసీఎం మాత్రం ఇంకా తిరిగి రాలేదు, "తుక్కులో కలిసిపోయిందండీ" అంటున్నారు.