జూలో పులి, అడవిలో పులి: జాతి నిలిచేది దేనివల్ల?

"జూలలో పులులు బాగానే పిల్లల్ని పెడుతున్నాయి కదా, వాటినే పెంచి అడవిలో వదిలితే సరిపోదా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను మొదట చూసేది ఒక్కటే: ఆ పిల్లకు వేట ఎవరు నేర్పుతారు?

అడవిలో పులిపిల్ల దాదాపు రెండేళ్లు తల్లి వెంటే తిరుగుతుంది. పొదల మాటున నక్కడం, దుప్పి గొంతు పట్టడం, మనిషి అలికిడి వినగానే తప్పుకోవడం అప్పుడే నేర్చుకుంటుంది. జూ పిల్లకు మనిషి అడుగుల చప్పుడంటే మాంసం బకెట్టు. దాన్ని అడవిలో వదిలితే ఆకలేసినప్పుడు ఊరివైపే నడుస్తుంది.

2009 నాటికి మధ్యప్రదేశ్‌లోని పన్నా అడవిలో పులులు పూర్తిగా పోయాయి. మళ్లీ నింపడానికి ఆ రాష్ట్రంలోనే ఉన్న బాంధవ్‌గఢ్, కన్హా, పెంచ్ అడవుల నుంచి తెచ్చారు, జూల నుంచి కాదు. వాటిలో రెండు ఆడపులులు కన్హాలో తల్లిని పోగొట్టుకుని కంచె లోపల పెరిగినవే. కానీ వాటిని మనుషులకు దూరంగా ఉంచి, వేట అలవాటు చేశాకే 2011లో పన్నాకు పంపారు. అడవిలో పుట్టిన పిల్లలకే అంత శ్రమ పడాల్సి వచ్చింది.

జూ వల్ల లాభం లేదనను. దక్షిణ చైనా పులి మిగిలిందే బోనుల్లో. అముర్, సుమత్రా పులులకు మంచి జూలు స్టడ్‌బుక్ రాస్తాయి: దేనికి తల్లి ఏది, తండ్రి ఏది, ఏ జంటను కలపకూడదు అని. ఆ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో తెల్లపులే చెబుతుంది. 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవాలో పట్టిన మోహన్ అనే తెల్లపులిని, తెల్ల పిల్లల కోసం సొంత కూతురితోనే కలిపారు. ఈనాటికీ ఎన్నో తెల్లపులులకు మెల్లకన్ను. జనం వాటి ముందే ఎక్కువసేపు నిలబడుతుంటే నాకు బాధేస్తుంది.

సఫారీ పార్కు అంటే పెద్ద జూ, అంతే. పులుల ఫారాలు చర్మం, ఎముకల వ్యాపారం కోసం. వాటిని లెక్కలోకే తీసుకోను.

మన దేశంలో పులుల అంచనా 2006లో 1,411, 2022లో 3,682. లెక్కపెట్టే పద్ధతి మెరుగైన మాట నిజమే, కానీ పెరిగినవి అడవిలో పెరిగాయి. అందుకే సాయం ఎక్కడ చేయాలంటే అడవి కాపలాకే అంటాను. బండి క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు ఆకుల కింద కనిపించదు. గార్డు నడిచి, కర్రతో గడ్డి కదిపి చూస్తేనే దొరుకుతుంది. ఆ మనిషి జీతం, బూట్లు, టార్చి. ముందు వాటికి.